నాలుగో కోర

విప్పొద్దు అన్నాడు మామగారు, విప్పాల్సిన పనేముంది వాడిదే అన్నాడు, అని కర్రని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, ఎవరో లాక్కుపోతారన్నట్టు రెండు చేతులూ దానిమీద వేసుకుని కూర్చున్నాడు. ఆడపడుచు అప్పటికే గొడుగు తీసుకుని గుమ్మం దాటింది, గాజుపెట్టె తయారైందట, అద్దాల షాపువాడు ఫోన్ చేశాడట, నేను వెళ్ళి తెచ్చేస్తాను ఈలోగా నువ్వోసారి చూసి ఖాయం చెయ్యి వదినా అంది, ఖాయం చెయ్యడానికేముందిలే, నాన్న చేత్తో తడిమి చెప్పాక ఇంకెవరు చూడాలి, ఊరికే నీ నోటితో కూడా ఒక మాట అంటే బాగుంటుందని. నా నోటితో. ఈ ఇంట్లో నా నోటికి ఎప్పటినుంచి అంత విలువ వచ్చిందో నాకు తెలియదు. పూల్ ఆడే క్యూ కర్రలు ఎక్కడ విరిగినా, ఎక్కడ వంకరపోయినా నా దగ్గరికే వస్తాయి, ముద్ర లేని పాత కర్ర ఎవరికైనా దొరికితే ఇది ఎవరి చేతిపనో చెప్పమ్మా అని నా దగ్గరికే తెస్తారు, పిడిలో రంధ్రం చూసీ, జాయింటు దగ్గర ఇత్తడి చూసీ ఫలానావాళ్ళది అని చెబుతాను, తలూపి వెళ్ళిపోతారు, అది బయటివాళ్ళ సంగతి. ఇంట్లో నేను మాట్లాడితే గోడ మాట్లాడినట్టే. ఇప్పుడు మాత్రం నా నోరు కావాలి, ఎందుకంటే ఈ కర్ర మా ఆయన చేసిందని నేను కూడా అంటే ఇక అందులో తిరుగుండదు, కొడుకు కొడుకూ అని ముసలాయన ఏడ్చుకోవచ్చు, ఆడపడుచు గోడకి తగిలించుకోవచ్చు.

వాన ఆగట్లేదు. రేకులమీద ఒకటే చప్పుడు. అద్దాల షాపు నాలుగు వీధుల అవతల, ఈ వానలో పెట్టె మోసుకుంటూ రావాలంటే గంటైనా పడుతుంది. గంట చాలు నాకు.

మూతపడిన పూల్ హాలువాళ్ళు పంపిన కట్టలో వచ్చింది ఇది. మిగతావన్నీ చెత్త, ఫ్యాక్టరీ కర్రలు, చివర తోలు టిప్పులు ఊడిపోయి, పిడులకి చెమట పేరుకుపోయి, ముట్టుకుంటేనే చెయ్యి కడుక్కోవాలనిపించేవి. ఇది ఒక్కటే చేత్తో చేసింది. ముద్ర లేదు. నేను లోపల టీ పెట్టుకుంటుంటే ముసలాయన ఒక్కొక్కటీ తీసి తడుముతున్నాడు, కళ్ళు పోయినప్పటినుంచీ అదే ఆయన కాలక్షేపం, ఎవరి కర్ర వచ్చినా ముందు ఆయన తడమాలి, తడిమి ఛీ అనాలి. ఆ రోజు ఛీ అనలేదు. ఎంతసేపటికీ ఏ మాటా వినపడకపోతే పోయాడేమో అనుకుని గ్లాసు పట్టుకునే వచ్చి చూశాను, నిజం చెప్పాలంటే పరిగెత్తి రాలేదు. చూస్తే బొటనవేలు పిడిమీద పెట్టి ఏడుస్తున్నాడు. ఇదిగో ఇక్కడ, ఇది పొట్టి, మూడూ సమానంగా ఉన్నాయి, నాలుగోది పొట్టి, వాడే, వాడికెప్పుడూ ఇదే అంటూ ఏడుస్తున్నాడు. మా షాపులో వాటిని కోరలంటారు. తెల్లచెక్కలో పొడుగ్గా నాలుగు గాళ్ళు కోసి, నల్లచెక్క దూర్చి అతికించి, లేత్ మీద గుండ్రంగా తిప్పితే పిడిలోంచి పైకి నాలుగు నల్లటి మొనలు లేస్తాయి, నాలుగూ ఒకే ఎత్తుకి రావాలి. గోరు అంచంత తేడా వచ్చినా ఆడేవాడికి తెలియదు, బంతికి అసలే తెలియదు, మామగారికి తెలుస్తుంది.

తెలిస్తే విరుస్తాడు. అది ఇక్కడి ఆచారం. సాయంత్రం షాపు కట్టేముందు ఆ రోజు పూర్తయిన కర్రలన్నీ బల్లమీద పెట్టాలి, ఆయన ఒక్కోటి చూడాలి, బాగుంటే పక్కన పెట్టాలి, లోపముంటే అందరి ముందూ మోకాలికి అడ్డంపెట్టి ఫట్‌మని విరవాలి. కోప్పడడు, తిట్టడు, కనీసం మొహం కూడా చిట్లించడు. అదే నాకు ఒళ్ళు మంట. తిడితే తిరిగి ఒక మాట అనుకోవచ్చు కదా మనసులో. ఆయన ఒప్పుకునేదాకా ఎవరూ తాము చేసినదానిమీద ముద్ర వెయ్యకూడదు. ముద్రంటే చిన్న ఇత్తడి అచ్చు, వేడిచేసి పిడి చివర ఒత్తుతారు, అంతే, గోరంత మచ్చ. ఆ మచ్చకోసం మా ఆయన జుట్టు తెల్లబడేదాకా నిలబడ్డాడు. పనికి కుదిరిన బయటివాళ్ళు నేర్చుకుని, ముద్ర వేయించుకుని, ఎక్కడికో వెళ్ళి సొంతంగా షాపులు పెట్టుకున్నారు, కన్నకొడుకు మాత్రం సాయంత్రమయ్యేసరికి బల్ల పక్కన చేతులు కట్టుకుని నించునేవాడు, నాలుగో కోర దగ్గరికి వచ్చేసరికి ముసలాయన బొటనవేలు ఆగిపోయేది. ఫట్. నేను వంటింట్లోంచి వినేదాన్ని. కాసేపటికి ముక్కలు నా దగ్గరికి వచ్చేవి, కోడలు పొయ్యిలోకి పెట్టుకుంటుందిలే అని. ఎండిన మంచి చెక్క, చిటపటలాడకుండా కాలేది. మా ఆయన చేసిన కర్రలతో నేను ఆ మనిషి స్నానానికి నీళ్ళు కాచాను.

తుడిచి ఇస్తాను మామయ్యగారూ, చెమట పేరుకుంది అన్నాను. పైకి మీరు, గారు, అన్నీ ఉంటాయి. లోపల నేనేమంటానో ఆయనకీ తెలుసు, చెప్పులు ఎడమది కుడివైపు పెట్టినప్పుడూ, నీళ్ళగ్లాసు రోజూ పెట్టే చోటికి జానెడు అవతల పెట్టినప్పుడూ ఆయనకి తెలుస్తుంది, వెతుక్కుంటాడు, వెతుక్కుని దొరికాక నావైపు మొహం తిప్పి ఊరుకుంటాడు. ఒక్కసారి కూడా అడగలేదు ఎందుకమ్మాయ్ అని. అడిగితే చెబుదామని నేనూ కాచుకుని ఉన్నాను. వచ్చినప్పటినుంచీ ఎవరి చేతికీ ఇవ్వని కర్ర, నాకూ ఇవ్వడానికి ఇష్టం లేదు, వేళ్ళు ఒక్కొక్కటీ తీశాడు. విప్పొద్దు అమ్మాయ్ అన్నాడు మళ్ళీ. విప్పను అన్నాను.

నా బల్ల దగ్గరికి తెచ్చుకుని దీపం దగ్గరికి లాక్కున్నాను. నిజమే, నాలుగోది పొట్టి. అది చూడగానే నేనూ దానిమీదే బొటనవేలు పెట్టాను, నేను రాయినేం కాదు. వాన చప్పుడులో మా ఆయన గొంతు విన్నట్టనిపించింది, విను విను పలుకుతోందా అని, గదిలో నేలమీద కర్రని దొర్లించి చెవి ఆనించి పడుకునేవాడు, వంకరుంటే టకటకమంటుంది, తిన్నగా ఉంటే ఒకే మోతగా సాగిపోతుంది, నన్ను కూడా పడుకోబెట్టి వినమనేవాడు, అన్నం ఉడికిపోతోంది వదలండి మహానుభావా అంటే వదిలేవాడు కాదు. వార్నిష్ వాసన. ఆ చొక్కాల్లోంచి ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు, ఆయన పోయాక మాత్రం ఎంత తొందరగా పోయిందో. ఒకరోజు పక్కకి తిరిగి నవ్వుతూ చెప్పాడు, ఒకటి దాటించేశానే అని, నాన్న చెయ్యి పడకముందే బయటికి పంపించేశాను, ఎక్కడో ఎవడో ఆడుతుంటాడు దాంతో, గెలుస్తూ ఉంటాడు కూడా. నిజమో, నన్ను సంతోషపెట్టడానికి అన్నాడో. అన్నాక కొన్నాళ్ళకే షాపుకి రావడం మానేసి కలప డిపోలో పనికి కుదిరాడు, దుంగలు లెక్కపెట్టే పని, ముద్రలూ లేవు కోరలూ లేవు హాయిగా ఉంది అన్నాడు, దుంగల పేర్పు జారి మీద పడింది. శవాన్ని ఇంటికి తెచ్చినప్పుడు ముసలాయన ముందుగా చేతులే తడిమాడు, వేళ్ళు. వేళ్ళు బాగానే ఉన్నాయి అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేదు, మర్చిపోయే ఉద్దేశం కూడా లేదు.

ఆ దాటించిన కర్ర సంగతి ఈయనకి చెప్పలేదు. చెప్పను. ఆ ఒక్క ఆశా నాదిగా ఉంచుకున్నాను, ముద్ర లేని కర్ర ఏది వచ్చినా ముందు నాలుగో కోర చూసుకుంటాను, ఇన్నేళ్ళలో ఎన్ని చూశానో, ఎవరికీ తెలియకుండా ఎన్నిసార్లు చప్పగా అయిపోయి కర్ర ఫలానావాళ్ళదండీ అని చెప్పి పంపించానో. ఇప్పుడిది. పొట్టి కోర, లేత చెక్క, మా షాపు కొలత. నీదే అయ్యుండు, నీదే అయ్యుండు అని అనుకుంటూ పిడి చివర రబ్బరు బుడిపెకి కత్తిమొన దూర్చాను.

టుప్ మని ఊడింది. కుర్చీలో ముసలాయన తల ఎత్తాడు.

లోపల ఇత్తడి కాలరు ఉంది, బరువు బోల్టు చుట్టూ. దాన్ని ఆకురాయితో గుండ్రం చేశారు, చేత్తో, ఆ గీతలు ఇంకా ఉన్నాయి. దీపం పక్కకి తిప్పి చూశాను. గీతలు అటువైపు వాలి ఉన్నాయి. కుడిచేత్తో ఆకురాయి రాసేవాడి గీత ఒకవైపు వాలుతుంది, ఎడమచేత్తో రాసేవాడిది రెండోవైపు, ఇవి రెండోవైపువి. మా ఆయనది కుడిచెయ్యి. ఈ షాపులో ఎడమచేతివాటం ఒక్కడికే ఉంది, ఆ ఒక్కడూ ఇప్పుడు నావైపు చెవి పెట్టి కూర్చున్నాడు. కాదు కాదు, వెలుతురు తప్పు అనుకుని తిప్పి చూశాను, మళ్ళీ తిప్పాను. గీతలు ఎటూ పోలేదు. గుడ్డ వేణ్ణీళ్ళలో ముంచి పిండి కోర అతుకుమీద ఒత్తిపట్టి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఎముకల జిగురు. ఆ పాడు కంపు ఒకసారి తగిలితే చాలు. నేను కాపురానికి వచ్చేసరికే ఈ షాపులో అది మానేసి డబ్బా జిగురు వాడుతున్నారు, మా ఆయన ఎప్పుడూ దాన్ని ముట్టుకోలేదు, చిన్నప్పుడు ఆ కుండ ఉడుకుతుంటే వీధిలోకి పారిపోయేవాణ్ణని చెప్పేవాడు. అంటే ఇది మా ఆయన నిక్కర్లు వేసుకుని తిరిగే రోజులదో, అసలు పుట్టకముందుదో. ముసలాయన కుర్రవాడిగా ఉన్నప్పుడు, ముద్రలూ పేరూ గోడనిండా బహుమతులూ ఏవీ లేనప్పుడు, తన ఎడమచేత్తో తాను చేసుకున్న కర్ర. నాలుగో కోర పొట్టి.

అప్పుడు నాకు ఏడుపు రావాలి, వచ్చింది కూడా, మా ఆయనది కాదు కదా, మళ్ళీ కాదు కదా అని. కానీ దాని వెనకే ఇంకోటి వచ్చింది. దొరికావు అనుకున్నాను. నీకూ పొట్టే వచ్చిందన్నమాట. నీదాన్ని మోకాలికి అడ్డంపెట్టి విరిచినవాడు ఎవడూ లేడన్నమాట, ఎవడో కొనుక్కుని ఆడుకున్నాడు, చెమట కారేదాకా ఆడుకున్నాడు, ఏ బంతీ ఏమీ అనలేదు. మా ఆయన పోయిన తర్వాత, నేను లేత్ ముందు కూర్చున్న మొదటి రోజుల్లో నాకూ నాలుగోది పొట్టే వచ్చేది. మూడు గాళ్ళు కోశాక ఆ వైపు చెక్క తగ్గిపోతుంది, నాలుగోది కోసేటప్పుడు కర్ర కాస్త కిందికి కూర్చుంటుంది, అంతే రహస్యం. కింద ఒక అట్టముక్క దూర్చాను. సమానంగా లేచింది. అట్టముక్క. సబ్బుపెట్టె చింపిన అట్టముక్క. పట్టుకెళ్ళి ముసలాయన చేతిలో పెట్టి ఇది చాలదా మామయ్యగారూ అని అడిగాను, తడిమి చూసి అట్టముక్కేగా, నాకు తెలుసు అన్నాడు. మరి మీ అబ్బాయికెందుకు చెప్పలేదు అంటే, నాకెవరు చెప్పారు అన్నాడు. నేను కనుక్కోలేదా, వాణ్ణీ కనుక్కోమన్నాను. అంతే, తిరిగి టీ అడిగాడు. నేను టీ ఇచ్చాను కూడా.

ఇప్పుడేమో క్షమించేశాడట. పొద్దున్నే కూతురితో అచ్చు వెతికించి తోమించాడు, తప్పున్నా సరే వాడి కర్రకి నేనే ముద్ర వేస్తాను, క్షమించేశాను వాణ్ణి అన్నాడు, ఆడపడుచు కళ్ళు తుడుచుకుని నాన్నా అంటూ చెయ్యి పట్టుకుంది. ఎవరు ఎవర్ని క్షమించాలండీ. నవ్వొచ్చింది నాకు, పోపు మాడుతోందని లోపలికి వెళ్ళిపోయాను. ఇక ఈ కర్ర గాజుపెట్టెలో ఎక్కుతుంది, వచ్చినవాడికల్లా ముసలాయన చూపిస్తాడు, మావాడిది, ఇదిగో ఇక్కడ చెయ్యిపెట్టి చూడండి, నాలుగోది పొట్టి, పాపం ఎంత చెప్పినా రాలేదు, అయినా ముద్ర వేశాను, తండ్రిని కదా. పోయినవాడి మొహాన ఎప్పటికీ ఆ పొట్టికోర. అది ఊహించుకుంటుంటే గుడ్డ నా చేతిలో చల్లారిపోయింది.

రబ్బరు మళ్ళీ బిగించలేదు. కర్ర అలాగే పట్టుకుని వెళ్ళి ఆయన ఎదురుగా నించున్నాను.

"మామయ్యగారూ, ఇది ఆయనది కాదు. మీ చేతిపని."

ఉలిక్కిపడతాడనుకున్నాను. ఎముకలు కదిలేలా ఉలిక్కిపడాలని ఎంత కోరుకున్నానో. ఆయన మొహంలో ఒక్క గీత కూడా మారలేదు.

"తెలుసు," అన్నాడు.

ఎప్పుడు తెలిసిందంటే చేతిలోకి తీసుకోగానే తెలిసింది అన్నాడు. ఇత్తడి తడమక్కర్లేదు, బరువుకే తెలిసిపోయింది, నా మొదటి కర్రల్లో ఒకటి, ఎవరికో ఇచ్చేశాను అన్నాడు. మరి ఆ ఏడుపు, ఆ వాడే వాడే అనడం ఏమిటన్నాను. చేతులు ఒళ్ళో ఖాళీగా పెట్టుకుని, నాకు వినపడాలో వద్దో అన్నట్టు మెల్లగా అన్నాడు.

"చెప్పకమ్మాయ్. వాడికంటూ ఒకటి ఉండనీ. నేను ఒక్కటి కూడా మిగల్చలేదు."

ఇన్నేళ్ళుగా ఈ నోటినుంచి రావాలని నేను కాచుకున్న మాట అదే. వచ్చింది. ఒక్క క్షణం ఆ బట్టతల, ఆ మసకకళ్ళు, చొక్కాకి తప్పు పెట్టుకున్న బొత్తాం చూసి నా చెయ్యి కర్రని ఇచ్చెయ్యబోయింది కూడా, ఉండనీలే, ఎవరిదైతేనేం, నాకూ గోడమీద చూసుకోవడానికి ఒకటి ఉంటుంది, అబద్ధమే అయినా రోజూ తుడుచుకోవచ్చు, అనుకున్నాను. బొటనవేలికి నాలుగో కోర తగిలింది.

"గోడనిండా మీ కర్రలున్నాయి, ఒక్కదానికీ వంక లేదు. ముద్ర గీకేస్తే ఏదైనా ముద్ర లేనిదే. ఆయనకివ్వడానికి మీకు ఈ పొట్టిదే దొరికిందా?"

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, ఇదేదో కొలత అడిగినట్టు.

"మంచిదిస్తే వాడిదంటే ఎవరు నమ్ముతారు?"

కోపంగా అనలేదు, కుళ్ళుతో అనలేదు. ఆ మనిషికి అది అంత మామూలు సంగతి. ప్రేమ ఉంది, ఉందని నాకు అప్పుడే తెలిసింది, ఆ ప్రేమ కూడా నాలుగో కోర దగ్గరికి వచ్చి ఆగిపోతుందని కూడా అప్పుడే తెలిసింది. విరవడం కంటే ఇది ఘోరంగా ఉంది. విరిచినప్పుడు ముక్కలైనా నా చేతికి వచ్చేవి.

గేటు చప్పుడైంది. ఆడపడుచు సగం తడిసి, పెట్టెకి తన పైట కప్పి, మోచేత్తో తలుపు తోసుకుంటూ వచ్చింది. బల్లమీద దించి అద్దం తుడిచి, ఎంత బాగా చేశాడో చూడు వదినా, లోపల వెల్వెట్ కూడా వేశాడు అంది. మొహం వెలిగిపోతోంది పిచ్చిదానికి. అన్నయ్యంటే ప్రాణం దీనికి, సాయంత్రాలు ఫట్ వినపడగానే చెవులు మూసుకునేది. ఖాయమేగా వదినా అంది.

"మీ నాన్నగారిది," అన్నాను. "కుర్రతనంలో చేశారు. నాలుగో కోర కుదర్లేదు."

అది నావైపు చూసి, తండ్రివైపు చూసింది. మరి అన్నయ్యది అంది. మీ అన్నయ్యవి నేను పొయ్యిలో పెట్టాను కదా, నీకు తెలియదా అన్నాను. అనకుండా ఉండాల్సింది. అది పెట్టె అంచు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది, వెల్వెట్ మీద చెయ్యి వేసి నిమురుతోంది, ఏడవడం కూడా రావట్లేదు దానికి. నేను దాని కడుపు కోశాను, నా కడుపూ కోసుకున్నాను, ఆ పక్కన కూర్చున్న మనిషికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలిందో లేదో ఇంకా తెలియలేదు.

కాసేపటికి ఆయన ఎడమచేత్తో గాలిలో తడుముకుంటూ, "ఇటివ్వు, విరిచేస్తాను," అన్నాడు.

అప్పుడు తగిలిందని తెలిసింది. అది ఎప్పటి గొంతు కాదు. చెయ్యి చాచి ఉంచాడు, మోకాలు అప్పుడే కొంచెం పైకి లేచింది, ఇన్నేళ్ళ అలవాటు. నేను ఇవ్వలేదు. రబ్బరు బిగించాను, గుడ్డతో పిడి తుడిచాను, గాజుపెట్టె రేపు వెనక్కిచ్చేద్దాంలే అని ఆడపడుచుతో చెప్పాను. ఆయన పొద్దున మంచం దిగేటప్పుడు గోడ పట్టుకుని లేస్తాడు, ప్రతిరోజూ ఒకే చోట, అక్కడ సున్నం నల్లబడి ఉంటుంది. సుత్తీ రెండు మేకులూ తీసుకుని ఆ గదిలోకి వెళ్ళాను. కర్రని అడ్డంగా పట్టుకుని, పొట్టికోర పైకి వచ్చేలా తిప్పి, సరిగ్గా ఆ నల్లమచ్చ ఎత్తులో మేకులు దించాను. సుత్తి దెబ్బలు అవతలి గదిలోకి వినపడుతూనే ఉంటాయి. రేపు పొద్దున గోడకోసం చెయ్యి చాచితే ముందు తగిలేది ఆ పొట్టికోరే.